ముందు సిద్ధం చేయండి, తర్వాత తేదీ ఇవ్వండి: బేరియాట్రిక్ సర్జన్లకు ఒక డైటీషియన్ బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేస్తున్న సర్జన్లకు, ఆ విభాగాలు నడుపుతున్న ఆసుపత్రి యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను డైటీషియన్‌ని. బేరియాట్రిక్ విభాగంలో చాలాకాలం ఉద్యోగం చేశాను. ఇప్పుడు సొంతంగా చిన్న క్లినిక్ నడుపుకుంటున్నాను. మీ దగ్గర స్లీవ్‌కో (కడుపులో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్), బైపాస్‌కో (కడుపును చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) పేరు రాయించుకున్నవాళ్లు, చేయించుకుని ఏడాదో రెండేళ్లో గడిచినవాళ్లు నా దగ్గరికి వస్తూంటారు. మీ చేతి నైపుణ్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లతో, గంటా రెండు గంటల్లో మీరు చేసే పని వల్ల ఇన్సులిన్ మానేసినవాళ్లను, మోకాళ్ల నొప్పులు తగ్గి తిరుమల మెట్లెక్కినవాళ్లను చూశాను. నా బాధంతా ఆ గంటకు ముందు గడవాల్సిన వారాల గురించి. వాటిని మనం మింగేస్తున్నాం.

ఎలా మింగేస్తున్నామో మీకు తెలియనిది కాదు. మనిషి వస్తాడు. ఎత్తు, బరువు చూస్తారు, ఎత్తుకు బరువు ఎంత ఎక్కువుందో చెప్పే బీఎంఐ లెక్క కడతారు. మీరు కాగితం మీద కడుపు బొమ్మ గీసి, ఎంత తీసేస్తారో ఎంత మిగులుస్తారో చూపిస్తారు. గది బయటికి రాగానే కోఆర్డినేటర్ ప్యాకేజీ చెబుతుంది. "వచ్చే గురువారం స్లాట్ ఖాళీ ఉంది సార్, నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే తగ్గింపు కూడా ఉంది." తేదీ ముందు పడుతుంది, మిగతావన్నీ ఆ తేదీ వెనకాల పరిగెడతాయి. రక్త పరీక్షలు, ఎండోస్కోపీ, ఎకో, సైకాలజిస్టు, డైటీషియన్ అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. ఫైలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతుంది, దాని వెనకాల పేషెంటు తిరుగుతాడు. కాలేయం కుంచించుకోవడానికి రెండు వారాలు చేయాల్సిన లివర్ డైట్ ఐదు రోజులకు దిగిపోతుంది.

తొందర మీ ఒక్కరిదే అనను. పేషెంట్లూ తక్కువ తినలేదు. "మూఢం వచ్చేస్తోంది మేడమ్, ఈలోపే కానిచ్చేయమనండి" అన్నవాళ్లున్నారు. మాఘమాసంలో అమ్మాయి పెళ్లి పెట్టుకుని కార్తీకంలో ఆపరేషన్‌కి వచ్చిన తల్లి ఉంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద దిగి, మొదటి వారంలో ఆపరేషన్, మూడో వారంలో తిరుగు ప్రయాణం అని టికెట్లు చూపించే మనవాళ్ల సంగతి సరేసరి. పొట్ట మీద పెద్ద ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే అన్ని గంటలు విమానంలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుందని వాళ్లకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. టికెట్ మార్చుకోమనాలి. ఆ మాట చెప్పాల్సింది మీరే, కోఆర్డినేటర్ చెప్పదు.

అలాగని ఆరు నెలలు ఆపమని అడగడం లేదు. అమెరికాలో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు అలా నెలల తరబడి డైట్ చేసి చూపించమంటాయి. దానివల్ల ఫలితాలు మెరుగుపడతాయనడానికి ఆధారం లేదని అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సంఘమే చెప్పింది. గుండె, ఊపిరి, షుగర్ అదుపు తప్పిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం కూడా అన్యాయమే. నేను అడిగేది నాలుగు నుంచి ఆరు వారాలు. అవసరమైనవాళ్లకు ఇంకొంచెం. అది నిజంగా పనిచేసే సమయం కావాలి, వెయిటింగ్ లిస్టు కాకూడదు.

లివర్ డైట్ సంగతే తీసుకుందాం. కాలేయం ఎడమ భాగం కడుపు మీద కప్పుకుని ఉంటుందని, దాన్ని ఎత్తి పట్టుకుంటేనే మీకు పని చేయడానికి చోటు దొరుకుతుందని, కొవ్వు పట్టిన కాలేయం ఉబ్బి, ఎత్తబోతే చిట్లి రక్తం కారే ప్రమాదం ఉందని మీకూ నాకూ తెలుసు. పేషెంటుకు ఎవరు చెప్పారు? పిండిపదార్థం, కొవ్వు బాగా తగ్గించి, ప్రొటీన్ నిలబెట్టి, రోజుకు సుమారు 800 నుంచి 1000 క్యాలరీలతో రెండు వారాలుంటే కాలేయం కుంచించుకుంటుంది. ఈ కారణం ఒక్కటి అర్థమయ్యేలా చెబితే చాలామంది మనం ఊహించనంత శ్రద్ధగా చేస్తారు. "బరువు తగ్గాలి కదమ్మా, అందుకే" అని చెప్పి వదిలేస్తే, "ఎలాగూ ఆపరేషన్‌తో తగ్గుతాను కదా" అనుకుని ఆఖరి విందులు మొదలుపెడతారు. ఆపరేషన్ ముందు వారంలో బిర్యానీ, తర్వాత మళ్లీ తినలేనని పూతరేకులు, కాజాలు. నవ్వొస్తుంది గానీ, ఆ విందుల బరువు టేబుల్ మీద మోసేది మీరే.

ఇక మనం చేతికిచ్చే డైట్ షీటు. చాలాచోట్ల అది ఇంగ్లీషులో ఉంటుంది. క్వినోవా, గ్రీక్ యోగర్ట్, బ్రోకలీ సూప్, అవకాడో. నరసరావుపేట నుంచి వచ్చినాయనకు ఇంట్లో వండిపెట్టేది భార్యో తల్లో కోడలో. ఆ కాగితం చూసి ఆవిడ ఏం చేస్తుంది? ద్రవాహారం అని ఎవరో అన్నారు కాబట్టి పొద్దున రాగిజావ, పదకొండింటికి బత్తాయి రసం, మధ్యాహ్నం గంజి, సాయంత్రం కొబ్బరినీళ్లు, రాత్రి సగ్గుబియ్యం జావ ఇస్తుంది. ప్రేమగానే ఇస్తుంది. రోజంతా పిండీ చక్కెరే. ప్రొటీన్ దాదాపు సున్నా. పేషెంటు నీరసపడిపోతాడు, కాలేయం అంతే ఉంటుంది. అదే కాగితం మీద తెలుగులో "అన్నం, ఇడ్లీ, దోసె, జావ, పళ్లరసం వద్దు, గుడ్డు తెల్లసొనలు, చేప, చికెన్, పనీర్, వెన్న తీసిన పెరుగు, మజ్జిగ, బీరకాయ, సొరకాయ, దొండకాయ, ఆకుకూరలు తక్కువ నూనెతో" అని కొలతలతో రాసిస్తే, ఆవిడకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే కౌన్సెలింగ్‌కి వంట చేసే మనిషిని కూడా తీసుకురమ్మనాలి. పేషెంటు ఒక్కడినీ కూర్చోబెట్టి చెబితే సగం మాట పార్కింగ్ దగ్గరికి వెళ్లేసరికే పోతుంది.

మందుల విషయం ఇంకా భయం. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక పెద్దాయనకు లివర్ డైట్ షీటు ఇచ్చి పంపారు. ఆయన గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాడు. తిండి మూడొంతులు తగ్గింది, మాత్ర మాత్రం తగ్గలేదు. మూడో రోజు సాయంత్రం చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. కోడలికి తోచి నోట్లో చక్కెర పోసింది కాబట్టి సరిపోయింది. షీటు ఇచ్చినవాళ్లెవరూ మందుల చీటీ అడగలేదు, మందులు రాసినవాళ్లెవరికీ షీటు సంగతి తెలియదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులైతే ఇంకో చిక్కు. అవి వేసుకుంటూ పిండిపదార్థం బాగా తగ్గించినా, ఖాళీ కడుపుతో ఆపరేషన్‌కి వెళ్లినా, షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకరమైన స్థితి, కీటోఅసిడోసిస్, రావచ్చు. అందుకే వాటిని ఆపరేషన్‌కి కనీసం మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. ఎప్పుడు ఆపాలో పేషెంటు తనకు తానుగా తేల్చుకునే విషయం కాదు, డాక్టరు రాసివ్వాల్సిందే.

కొత్తగా బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా తోడయ్యాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అప్పటినుంచి నా దగ్గరికొచ్చేవాళ్లలో ఏదో ఒకటి వాడి చూసినవాళ్లు బాగా పెరిగారు. తప్పేం లేదు. కానీ ఆ మందులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా లోపల ఆహారం మిగిలి ఉండొచ్చు, మత్తిచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎనస్థీషియా డాక్టరు అడిగితే "ఏం వాడటం లేదండీ" అంటారు. ఎందుకంటే ఇంజెక్షన్ వాడీ తగ్గలేదంటే సిగ్గు. మత్తుకు ముందు హడావిడిగా జరిగే పరీక్షలో (పీఏసీ) ఆ సిగ్గు వదలదు. రెండోసారి, మూడోసారి కలిసినప్పుడు వదులుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసినవే. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు ఆగాలి, ఖైనీ గుట్కా కూడా. బైపాస్ తర్వాత పొగ తాగితే కడుపూ పేగూ కలిపిన అతుకు దగ్గర పుండ్లు పడతాయి. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు స్లీప్ స్టడీ చేసి, ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషీన్ ముందే అలవాటు చేసి, ఆసుపత్రికి వెంట తెచ్చుకోమనాలి. ఊపిరి సాధన చేయించే మూడు బంతుల స్పైరోమీటర్ ఆపరేషన్ అయ్యాక మంచం పక్కన పెడుతున్నారు. నొప్పితో ఉన్న మనిషికి అప్పుడు నేర్పేదేముంది, రెండు వారాల ముందే ఇంటికిచ్చి పంపండి. రోజూ అరగంట నడక. కొత్త కడుపు వచ్చాక నేర్చుకోవాల్సిన తిండి పద్ధతులు కూడా పాత కడుపుతోనే మొదలుపెట్టాలి: చిన్న చెంచా, మెత్తగా నమలడం, తింటూ మంచినీళ్లు తాగకపోవడం, తిన్నాక అరగంట ఆగి గుటక గుటకగా తాగడం. అన్నం ముద్ద ముద్దకీ నీళ్లు తాగే మనకు ఈ చివరిది ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది. బీ12, డీ విటమిన్, ఐరన్ లోపాలు కూడా ముందే చూసి సరిచేయాలి. శాకాహారులకు బీ12, నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లకు ఐరన్ ఆపరేషన్‌కి ముందే అడుగంటి ఉంటాయి.

ఇప్పుడు నేను అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణమైన విషయానికి వస్తాను. సైకాలజిస్టు గది.

నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో అది పది నిమిషాల పని. ముందే అచ్చేసిన ఫారం. డిప్రెషన్ ఉందా? లేదు. ఆత్మహత్య ఆలోచనలు? లేదు. మద్యం? లేదు. ఆపరేషన్ మీద అవగాహన? ఉంది. సంతకం. పక్కనే భర్తో అత్తగారో కూర్చుని ఉంటారు, ఇంకేం చెబుతుంది ఎవరైనా?

అలాంటి ఫారం పూర్తి చేసుకుని ఒకావిడ నా గదికి వచ్చింది. రోజంతా ఏం తింటారని అడిగితే మామూలుగానే చెప్పింది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి చపాతీ. ఆ తిండికి ఆ బరువు రాదు. భర్త ఫోన్ వచ్చి బయటికి వెళ్లాడు. "రాత్రి ఆఖరున తినేది ఎన్నింటికండీ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పిల్లలు, అత్తామామలు, ఆయన అందరూ పడుకున్నాక, గిన్నెలు కడిగి, పొయ్యి గట్టు తుడిచి, లైటు తీసేసి, ఫ్రిజ్ దగ్గరే నిలబడి పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని తింటుందట. గిన్నెలో ఎంతుంటే అంత. తర్వాత ఏదైనా స్వీటు. "ఆకలి కాదు మేడమ్. రోజు మొత్తంలో నన్ను ఎవరూ పిలవని టైమ్ అదొక్కటే."

ఈ మాట ఫారంలో ఏ గడిలో రాయాలి? స్లీవ్‌లో కడుపు మూడొంతులకు పైగా తీసేస్తారు. కడుపు చిన్నదవుతుంది గానీ ఆ రాత్రి పన్నెండు గంటల వేళ అలాగే ఉంటుంది. అన్నం ముద్ద దిగనంటుంది. ఐస్‌క్రీమ్, బిస్కెట్లు, మిక్చర్ నములుతూ కూర్చుంటే హాయిగా దిగుతాయి. ఏడాదిన్నరకు బరువు మళ్లీ పైకి పాకుతుంది, అప్పుడు ఇంటిల్లిపాదీ "అన్ని లక్షలు పోశాం, అయినా నోరు కట్టుకోలేదు" అంటారు. ఆవిడకు ఆపరేషన్ వద్దని నేననలేదు. ఆ వేళలో ఆవిడ ఇంకేం చేయగలదో కొన్ని వారాలు కూర్చుని వెతకాలన్నాను. తేదీ మాత్రం అప్పటికే ఖరారై ఉంది.

రాత్రిళ్లు తినడం, ఆపుకోలేకుండా తినడం, దుఃఖానికి తినడం, లోపల దాగిన డిప్రెషన్... ఇవి ఉన్నంతమాత్రాన ఆపరేషన్‌కి పనికిరారని కాదు. ముందే తెలిస్తే చికిత్స నడుస్తుంది, తర్వాత ఎవరిమీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. బైపాస్ తర్వాత మద్యం వేగంగా తలకెక్కుతుంది, రెండో ఏడాది నుంచి తాగుడు సమస్య పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆత్మహత్య, స్వయంగా హాని చేసుకోవడం లాంటి ముప్పు కూడా కొందరిలో పెరుగుతుందని తేలింది. తిండే ఓదార్పుగా బతికిన మనిషి దగ్గర ఆ ఓదార్పు లాగేసుకుంటున్నాం. దాని స్థానంలో ఏముందో అడగడానికి పది నిమిషాలు చాలవు. కనీసం రెండుసార్లు, ఒకసారైనా కుటుంబం లేకుండా కలవాలి. "ఇప్పుడే కాదు, ఇంకో నెల" అని రాసే హక్కు సైకాలజిస్టుకు ఉండాలి. అలా రాస్తే మార్కెటింగ్ వాళ్ల నుంచి ఫోన్ రాకూడదు. ఇది యాజమాన్యాల కోసం రాస్తున్నాను.

ఇంకోటి, రహస్యం. నా పేషెంట్లలో చాలామంది చుట్టాలకు "గాల్ బ్లాడర్ ఆపరేషన్" అనే చెబుతారు. వాళ్ల ఇష్టం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. చిక్కల్లా తర్వాత పెళ్లి భోజనాల దగ్గర వస్తుంది. "గాల్ బ్లాడరే కదా, ఒక్క బొబ్బట్టు తింటే ఏమవుతుంది" అని పెద్దమ్మ విస్తట్లో వేసేస్తుంది. మొహమాటపడి తింటే బైపాస్ అయినవాళ్లకు తీపి పడక గుండె దడ, చెమటలు, విరేచనాలు. ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు, తినమని బలవంతపెడితే ఏమనాలి అన్నవి ముందే మాట్లాడుకోవాల్సినవి. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయిల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమంటాం. బరువు తగ్గాక, ముఖ్యంగా పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లకు, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. పైగా బైపాస్ అయినవాళ్లలో గర్భనిరోధక మాత్రలను పూర్తిగా నమ్ముకోలేం. ఈ మాట ఆ అమ్మాయికి విడిగా చెప్పారా? మూడు నెలలకు జుట్టు ఊడటం మొదలవుతుందని, చాలావరకు మళ్లీ వస్తుందని, వేలాడే చర్మం మాత్రం తనంతట తాను పోదని చెప్పారా?

డబ్బు గురించి కూడా. ప్యాకేజీ అంకె పెద్ద అక్షరాల్లో చెబుతారు. విటమిన్లు, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి, ప్రొటీన్ పౌడర్ నెలల తరబడి కావాలి, రక్త పరీక్షలు ఏటా చేయించాలి, పిత్తాశయంలో రాళ్లు రాకుండా చాలామందికి ఆరు నెలలు మాత్రలు వేయాలి. ఈ లెక్క ఎక్కడా కనిపించదు. రెండో ఏడాది మాత్రలు మానేసినవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం బద్ధకం కాదు, ఖర్చు.

ఇన్సూరెన్స్ సంగతి చెప్పి ముగిస్తాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం పాలసీలో ఈ సర్జరీ వర్తించాలంటే వయసు 18 నిండాలి, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన గుండె జబ్బు, స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటివి ఉండి, మామూలు పద్ధతులు విఫలమై ఉండాలి. ఈ ఆఖరి ముక్క కోసం నాకు ఫోన్లు వస్తాయి. "ఆరు నెలలు మీ దగ్గర డైట్ చేసినట్టు పాత తేదీలతో ఒక లెటర్ ఇవ్వండి మేడమ్, హాస్పిటల్ వాళ్లే అడగమన్నారు." నేను ఇవ్వను. అయినా ఎక్కడో దొరుకుతూనే ఉన్నాయనుకుంటాను, అప్రూవల్స్ ఆగడం లేదు కదా. ఎలాగూ అప్రూవల్ వచ్చేదాకా రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లోనే పైన చెప్పిన పనులన్నీ చేయించొచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న స్త్రీలు దేశం మొత్తం మీద 24 శాతమైతే తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. కొన్ని వారాలు ఆగమన్నా మీ ఓపీలు ఖాళీ అయ్యే భయమేమీ లేదు.

లివర్ డైట్ షీటు తెలుగులో రాసి పెట్టాను. శాకాహారులకు ఒకటి, గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లకు ఒకటి. గిన్నె కొలతలతో, పొయ్యి దగ్గర అతికించుకునేలా పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ ఆసుపత్రి అడిగినా ఇస్తాను, నా పేరు వేయనక్కర్లేదు, మీ డైటీషియన్లు మార్చుకోవచ్చు. మందుల గడి మాత్రం ఖాళీగా వదిలాను. దాన్ని మీ ఫిజీషియన్ ప్రతి పేషెంటుకీ విడిగా, చీటీ చూసి చేత్తో నింపాలి.

ఇట్లు,
ఒక డైటీషియన్